సెల్‌ఫోనులో పంపకములు

మన పాఠశాల వార్షిక పత్రికలో పూర్వ విద్యార్థులు వ్రాయు వ్యాసములు తఱచుగా వారి విజయములను గూర్చియే యుండును. మేము మువ్వురము ఈ హాస్టలులో ఒకే గోడ ప్రక్క మూడు ట్రంకు పెట్టెలు పెట్టుకొని ఐదు సంవత్సరములు చదివినవారము. మా కథలో విజయము లేకపోలేదు గాని, తప్పు అంతకంటె పెద్దది. సెల్‌ఫోనును గూర్చి నేటి విద్యార్థులకు తెలియదగినది ఏదైన వ్రాయుడని సంపాదకులు కోరగా, మేము ఒకనాటి సాయంకాలము కూర్చుండి ఆలోచించితిమి. ఎంత ఆలోచించినను మాష్టరుగారి పాటల సంగతి తప్ప వేఱొకటి తోచలేదు. కావున దానినే వ్రాయుచున్నాము.

మాష్టరుగారనగా మన దేవాలయపు గానబృందమునకు చాల కాలము శిక్షణ ఇచ్చిన సంగీతపు మాష్టరుగారు. వారి పేరు ఇక్కడ అచ్చు వేయవలదని వారి కుమార్తెగారు కోరిరి. "నాన్నగారి పేరు పాటల మీద ఉండవలెను గాని, మీరు చేసిన పని మీద ఎందుకు?" అని ఆమె అడిగినప్పుడు మా యొద్ద జవాబు లేకపోయెను.

2009వ సంవత్సరము క్రిస్మసుకు ముందు మాష్టరుగారు తాము స్వయముగా రచించి వరుసలు కట్టిన 12 పాటలను బెజవాడలో ఒక రికార్డింగు గదిలో పాడి సి.డి.గా వేయించిరి. హార్మోనియము వారిదే, ముఖ్యమైన గొంతు వారిదే. వెనుక పాడినవారిలో మాలో ఒకడును కలడు. రికార్డింగు ఖర్చును సంఘపు పెద్దయొకరు భరించిరి. 300 సి.డి.లు వచ్చినవి. వెల ఒక్కొక్కటి 40 రూపాయలు. అమ్మగా వచ్చిన సొమ్ముతో హాస్టలు బోరుబావికి క్రొత్త మోటారు వేయింపవలెనని మాష్టరుగారి సంకల్పము. పాత మోటారు కాలిపోయి అప్పటికి నాలుగు నెలలైనది. మూడవ పాటకు ముందు మాష్టరుగారి చిన్న దగ్గు ఒకటి వినబడును. రికార్డింగు గదివారు దానిని తీసివేయుట మఱచిరి.

మాలో పెద్దవాని అన్నగారు హైదరాబాదులో ఉద్యోగము చేయుచుండిరి. ఆయన వేఱొక ఫోను కొనుక్కొని, కొలదినెలలు వాడిన తన నోకియా ఈ-63ను తమ్మునికిచ్చిరి. హాస్టలులో సెల్‌ఫోను నిషేధము. కనుక దానిని ఊరిలో ఒక సహాధ్యాయి ఇంట దాచితిమి. రెండున్నర అంగుళములైనను లేని తెర, దాని క్రింద ఆంగ్లాక్షరముల మీటలన్నియు వరుసగా నుండును. అఱచేతిలో ఇముడు ఆ వస్తువును మేము చూచుకొనినంత ముద్దుగా పాఠ్యపుస్తకములను చూచుకొనలేదు. మాలో ఇద్దఱము చందా వేసికొని మాష్టరుగారి సి.డి. ఒకటి కొంటిమి. కొనినది ఒక్కటే. ఊరిలోని టైపు చేయు దుకాణములో దానిని కంప్యూటరులో పెట్టించి, పాటలను ఎం.పి.-3 రూపమునకు మార్పించి, తీగతో ఫోనులోనికి ఎక్కించుకొంటిమి. పండ్రెండు పాటలు కలిసి 50 మెగాబైట్లకు మించలేదు. వాటి పేర్లు ట్రాక్ 01, ట్రాక్ 02 అని వచ్చినవి. మార్చుటకు మాకు తీరికయు లేదు, బుద్ధియు పుట్టలేదు.

అటుపిమ్మట బ్లూటూత్ ఆరంభమాయెను. ఇది స్వీడను దేశపు ఎరిక్సను సంస్థలో 1994 నుండి రూపొందిన విధానము. పదియవ శతాబ్దమున డెన్మార్కును ఏలిన హరాల్డు రాజునకు 'నీలిపన్ను' అని యొక బిరుదు పేరుండెను. ఆ పేరే దీనికి పెట్టిరి. పది మీటర్ల దూరములోనున్న రెండు ఫోనులు నడుమ ఏ కంపెనీ లేకుండ, ఒక్క పైసా ఖర్చు కాకుండ, నేరుగా ఒకదానితో నొకటి మాటలాడుకొనును. ఒక పాట చేరుటకు అరనిమిషమో, కొంచెమెక్కువయో పట్టును. ఇచ్చిన ఫోనులో పాట అట్లే యుండును, పుచ్చుకొనిన ఫోనులో ఇంకొకటి పుట్టును. పుచ్చుకొనినవాడు వెంటనే ఇంకొకనికి ఇయ్యవచ్చును. మేము నలుగురికిచ్చితిమి. ఆ నలుగురు ఎందఱికిచ్చిరో మేమెఱుగము. సంక్రాంతి నాటికి ఊరిలో మంగలి దుకాణమునందును, మిల్లు కూలీల గుడిసెలలోను, బాపట్ల పోవు బస్సులోను ట్రాక్ 03కు ముందున్న దగ్గు వినవచ్చెను. మేము దానిని విని ఉబ్బిపోయితిమి. మాష్టరుగారి పాటలను లోకమునకు చాటినది మేమే గదా!

సి.డి.లు మాత్రము 118 అమ్ముడైనవి. మిగిలినవి అట్టపెట్టెలలో మాష్టరుగారి వరండాలో నుండెను. మోటారు రాలేదు. ఆ వేసవిలో హాస్టలు పిల్లలందఱము చెఱువునుండి బిందెలతోను బకెట్లతోను నీళ్లు మోసితిమి. మోయుచున్నప్పుడు మాలో ఒకడు, "సి.డి.లు ఇంకను అమ్ముడైయుంటే ఈ పాటికి మోటారు వచ్చెడిదిరా" అన్నాడు. మిగిలిన ఇద్దఱము వానిమీద కసరితిమి. వాని మాటలోని అర్థము మాకు తెలియకపోలేదు. తెలిసినందుననే కసరితిమి.

2010 మే 20వ తేదీన లైలా తుపాను బాపట్ల దగ్గఱ తీరము దాటెను. దానిని ఎఱిగినవారికి వర్ణింపనక్కఱలేదు. మన ఆవరణములో రెండు వేపచెట్లు కూలి, టెలిఫోను స్తంభము వంగి, తీగ తెగి, పాఠశాలకుండిన ఇంటర్నెట్టు పోయినది. బడి తెఱచిన తరువాత చూడగా కంప్యూటరు గదిలోని ఆఱు యంత్రములలో నాలుగు వైరసు పట్టి మూలబడి యుండెను. ఎవరెవరివో పెన్‌డ్రైవులు పెట్టినందున వచ్చిన తెగులది. కంప్యూటరు ఉపాధ్యాయులు వాటిలో ఉబుంటు అను ఉచితమైన ఆపరేటింగు సిస్టమును వేయనెంచిరి. దక్షిణాఫ్రికాలో పుట్టిన మార్క్ షటిల్‌వర్త్ అనునతడు ఆరంభింపగా 2004లో మొదటిసారి వెలువడినది. 2010 ఏప్రిలులో దాని 10.04 కూర్పు వచ్చినది. మొత్తము ఒక్క సి.డి.లో పట్టును, అనగా సుమారు 700 మెగాబైట్లు. టెలిఫోను తీగ ఎప్పుడు బాగుపడునో చెప్పువారు లేరు. అప్పుడు మేము మా ఫోను సంగతి కంప్యూటరు ఉపాధ్యాయులకు చెప్పవలసివచ్చెను. ఆయన ముందు చెవి మెలిపెట్టి, పిదప ఫోను చేతికి తీసికొని పరీక్షించిరి.

అంత పెద్ద ఫైలును ఫోనులోని సాధారణ మార్గమున దింపబోగా మూడుసార్లు నడుమనే తెగిపోయినది. తెగిన ప్రతిసారియు మొదటికి వచ్చెడిది. అప్పుడు ఆయన సిమ్‌టోరెంట్ అను చిన్న ప్రోగ్రామును చూపిరి. అది హంగరీ రాజధానియైన బుడాపెస్టులోని సాంకేతిక విశ్వవిద్యాలయమువారు నోకియా జాతి ఫోనుల కొఱకు తయారుచేసినది. బిట్‌టోరెంట్ అను పద్ధతిని అఱచేతి ఫోనులో నడుపుట దాని పని.

బిట్‌టోరెంట్ పద్ధతిని 2001లో బ్రామ్ కోహెన్ అను అమెరికా దేశస్థుడు కనిపెట్టెను. మాకు దానిని కంప్యూటరు ఉపాధ్యాయులు చెప్పిన రీతిగానే ఇక్కడ చెప్పెదము. తరగతిలో 40 మంది పిల్లలున్నారు, సైన్సు నోట్సు ఒక్కని యొద్దనే యున్నది. అందఱును వాని యొద్దకే పోయి వరుసగా వ్రాసికొనినచో పరీక్ష దాటిపోవును. అట్లుగాక పుస్తకమును పుటలుగా విడదీసి తలకొక పుట ఎత్తి వ్రాసికొని, పిదప ఒకరి పుట నొకరు చూచి వ్రాసికొనినచో రెండు రాత్రులలో అందఱి యొద్దను పూర్తి పుస్తకముండును. మొదటివాడు ఇంటికి పోయినను భయము లేదు. ఏ పుట ఒక్కని యొద్దనే యున్నదో దానిని ముందు వ్రాసికొనవలెను, ఏలయనగా వానికి జ్వరము వచ్చినచో ఆ పుట అందఱికిని పోవును. టోరెంటులోను ఇదే నియమము, అరుదైన తునకను ముందు తెచ్చును. ఎవడు మనకిచ్చుచున్నాడో వానికే మనమును ఎక్కువగా ఇత్తుము. అయితే ఏమియు లేని క్రొత్తవాడు ఎట్లు ఆరంభించును? అందుకై 30 సెకనులకొకసారి యంత్రము ఒకనిని ఊరక ఎన్నుకొని వానికి కొంత ఇచ్చును. ఇది దయవలన కాదు, చీట్లు వేసినట్లు మాత్రమే.

మా ఉబుంటు ఫైలు అర మెగాబైటు చొప్పున సుమారు 1400 తునకలు. ప్రతి తునకకును 20 బైట్ల వ్రేలిముద్ర వంటి సంఖ్య ఒకటి ముందే లెక్కకట్టి టోరెంటు చీటీలో వ్రాసియుండును. తునక చేరగానే ఫోను తిరిగి లెక్క చూచును. ఒక్క అక్షరము మాఱినను సంఖ్య కలియదు. ఆ తునకను పాఱవేసి మఱల అడుగును. (ఆ లెక్కను మోసగింపవచ్చునని 2017లో గూగులువారును ఆంస్టర్‌డాము పరిశోధకులును నిరూపించినందున, క్రొత్త పద్ధతిలో ఇంకను గట్టి లెక్క వాడుచున్నారు.) పూర్వము తాటాకు గ్రంథములను ఎత్తి వ్రాయు వ్రాయసకాండ్రకు ఇట్టి సాధనము లేదు. బ్రౌను దొరగారు 1829లో వేమన పద్యములను అచ్చొత్తించుటకు ముందు ఎన్నో ప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి చూడవలసివచ్చెను. మా నోకియా ఆ పనిని ఒక్కొక్క తునకకు రెప్పపాటులో చేయుచుండగా మాకు ఎంతయో గర్వమాయెను.

అయినను ఫోను ఫోనే గాని కంప్యూటరు కాదు. అప్పుడు మాకు దొరికినది ఎడ్జి అను నెమ్మది మార్గము. సెకనుకు 15 కిలోబైట్లు వచ్చినచో మహాభాగ్యము. ఆ వేగము నిలిచియున్నను 700 మెగాబైట్లకు 13 గంటలు దాటును. రేడియో మేల్కొనియున్నంతసేపు బ్యాటరీ కరగుచుండును. ఫోను కంపెనీలు ఒకే చిరునామా వెనుక చాలమందిని ఉంచుదురు గనుక వెలుపలివారు మన ఫోనును తామై పలుకరింపలేరు. మనమే పోయి వారిని పలుకరింపవలెను. అందువలన మనకు దొరకు తోటివారు తక్కువ. అన్నింటికంటె ముఖ్యమైనది ఇంకొకటి. ఇచ్చినదియు ఖర్చే. నెలకు ఇన్ని మెగాబైట్లని సొమ్ము కట్టినప్పుడు, మనము దింపుకొనినదియు, ఇతరులకు పంపినదియు రెండును కలిపి లెక్కింతురు. ఇంటి కంప్యూటరువాడు ఇచ్చుటకు వెనుదీయడు, ఫోనువాడు వెనుదీయును. ఈ పద్ధతి మంచిదని మెచ్చుకొను పుస్తకములు ఈ సంగతిని చెప్పకపోవుట మాకు వింతగా నున్నది.

ఆవరణములో సిగ్నలు బాగుగా నుండినది దేవాలయపు మెట్ల దగ్గఱ. విద్యుత్తు ప్లగ్గు దగ్గఱగా నున్నది మాష్టరుగారి వరండాలో. రాత్రియంతయు ఫోనును అక్కడ ఉంచవలెను. వేఱు దారి లేదు. సి.డి.ల అట్టపెట్టెలు ఆ వరండాలోనే యున్నవని ముందే చెప్పితిమి.

మాష్టరుగారు మమ్ము లోనికి రమ్మని, విషయమంతయు విని, ప్లగ్గు చూపిరి. ఫోను అట్టపెట్టె మీదనే పెట్టవలసివచ్చెను. చిన్న తెర మీద అంకెలు కదలుచుండెను. వారు కండ్లద్దములు పెట్టుకొని వంగి చూచి అడిగిరి.

"ఇది ఎక్కడినుండి వచ్చుచున్నదిరా?"

"ఒక్కచోటినుండి కాదండి. తలకొక ముక్క ఇచ్చుచున్నారు. వారెవరో మాకు తెలియదు."

"సొత్తు ఎవరిది?"

మేము ఉత్సాహముతో చెప్పితిమి. దీనిని చేసినవారే, ఎవరైనను ఎత్తి వ్రాసికొనవచ్చును, పంచవచ్చును అని అనుమతిపత్రము వ్రాసియిచ్చిరని, కనుక ఇది దొంగతనము కాదని వివరించితిమి. ఆ మాట నోటినుండి వెలువడిన తరువాత గాని అది మా మెడకే చుట్టుకొనునని తెలియలేదు.

మాష్టరుగారు కొంచెముసేపు ఊరకుండిరి. పిదప, "మఱి నా పాటలకు అనుమతి ఎవరిచ్చిరిరా?" అనిరి. కోపముతో కాదు. నిజముగా తెలిసికొనగోరి అడిగినట్లుండెను.

మాలో చిన్నవాడు ఏడ్చెను. పెద్దవాడు జరిగినదంతయు చెప్పెను. దుకాణము, ఎం.పి.-3, బ్లూటూత్, బస్సు. మాష్టరుగారికి మేమే యని అప్పటికే తెలియునని మాకు తోచినది. బస్సులో వారును ప్రయాణము చేయుదురు గదా. వారు మోటారు మాట ఎత్తలేదు. "ఆ ముక్కకు లెక్క చూచి మంచిదా చెడ్డదా అని చెప్పుచున్నదే, మీ యంత్రము, ఎవరిదని అడుగునా?" అనిరి. అడుగదని చెప్పితిమి. తునక చెడకుండ వచ్చినదా యనునదే దాని విచారణ. ఎవరి సొత్తు, ఎవరు పంచమనిరి అను ప్రశ్న దాని లెక్కలో లేదు. మాష్టరుగారి పాట వచ్చినను, ఉబుంటు వచ్చినను దానికి భేదము తెలియదు. ఆ భేదము తెలియవలసినది ఫోను పట్టుకొనినవానికి. ఇంతకాలము మాకు ఆ ఆలోచన ఎందుకు రాలేదో చెప్పలేము. బల్ల మీదనున్న ఒకరి పెన్సిలు తీసికొన్నచో పెన్సిలు పోవును. పాట తీసికొన్నచో పాట అక్కడనే యుండును. అదే మమ్ము మోసగించినది కాబోలు.

మనదేశమున 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ఒక ధ్వనిముద్రణము మీద హక్కు 60 సంవత్సరములుండునని తరువాత చదివి తెలిసికొంటిమి. ఆ రాత్రి మాకు చట్టము తెలియదు. ఎదుట మాష్టరుగారు మాత్రమే తెలియును.

మఱునాడు వారు కంప్యూటరు ఉపాధ్యాయులను అడిగి ఒక లినక్సు పుస్తకమును తెప్పించుకొనిరి. దాని చివర జి.పి.ఎల్. అను అనుమతిపత్రము పూర్తిగా అచ్చు వేసియుండెను. రెండవ రాత్రి మేము ఫోను పెట్టుటకు పోవునప్పటికి వారు దానిని బైబిలు చదివినంత శ్రద్ధతో చదువుచుండిరి. ఒకచోట ఎఱ్ఱ పెన్సిలుతో గీత గీచియుండెను. ప్రతులు తీయువారు చేసినవారి హక్కుప్రకటనను ప్రతి ప్రతిమీదను స్పష్టముగా ఉంచవలెనని అక్కడ నున్నది. "చూచితిరా! ఉచితముగా ఇచ్చినవారు కూడ పేరు తీసివేయవద్దనిరి. మీరు నా పాటకు ఏమి పేరు పెట్టితిరి?" అని అడిగిరి.

ట్రాక్ 03 అని చెప్పితిమి. వారు నవ్విరి. ఆ నవ్వు మాకు దెబ్బకంటె ఎక్కువగా తగిలినది.

నాలుగు రాత్రులకు ఫైలు పూర్తియైనది. తెర మీద నూటికి నూఱు అని కనబడగానే మాలో వాదము పుట్టెను. అప్పటికి మేము దింపుకొనినది 700 మెగాబైట్లు, ఇచ్చినది 190 మాత్రమే. ఇక ఫోను ఆపివేయుదమని పెద్దవాడు, అన్నగారి సొమ్ము గదా అని. తీసికొన్నంత ఇచ్చువఱకు ఉంచుదమని చిన్నవాడు. ఈ పద్ధతిలో పూర్తి ఫైలు కలిగి ఇచ్చుటకే నిలిచియుండువానిని విత్తనము అను అర్థమిచ్చు 'సీడ్' అను మాటతో పిలుతురు. మాష్టరుగారు ఈ తగవులో తలదూర్చలేదు. కాని ప్లగ్గు ఇంకొక రెండు రాత్రులు వాడుకొనవచ్చుననిరి. ఆ రెండు రాత్రులలో ఇచ్చినది 400 దాటెను, నెలసరి పరిమితి అయిపోయెను, అన్నగారు హైదరాబాదునుండి చాల మాటలనిరి. తీసికొన్నంత ఇయ్యలేకపోయితిమి.

ఫోనులోని చిన్న మెమొరీ కార్డును తీసి, బాగుగా నున్న కంప్యూటరులో పెట్టి, సి.డి. వ్రాసి, మూలబడిన నాలుగు యంత్రములలో ఒకదానికి వేసితిమి. మొదటి సి.డి. చెడిపోయెను. రెండవది పనిచేసెను. నాలుగింటిలో మూడు లేచినవి. నాలుగవదానికి వైరసు గాక వేఱు రోగమున్నదట. ఆ సంవత్సరము పదవ తరగతివారమందఱము వాటిమీదనే అభ్యాసము చేసితిమి.

మిగిలిన సి.డి.లను 2010 క్రిస్మసుకు మేమే ఇంటింటికి తీసికొనిపోయి అమ్మబోతిమి. "ఈ పాటలు మా ఫోనులో ఉన్నవి గదా నాయనా" అని చాలమంది అనిరి. ఫోనులోనికి ఎట్లు వచ్చినవో మేము వారికి చెప్పవలసివచ్చుచుండెను. ఇరువది యేడు అమ్మితిమి. ఒక ముసలమ్మగారు 40 రూపాయలిచ్చి, తమకు సి.డి. పెట్టు పెట్టె లేదని సి.డి. పుచ్చుకొనలేదు. మోటారును మఱుసటి యేడు ఒక పూర్వ విద్యార్థి కొనియిచ్చెను. ఆ వేసవి కూడ హాస్టలు పిల్లలు నీళ్లు మోసిరి. అప్పటికి మేము పదవ తరగతి ముగించి వెళ్లిపోయితిమి.

కాలము మాఱినది. ఆ నోకియా జాతి ఫోనులు 2014 నాటికి తెర వెనుకకు పోయినవి. సిమ్‌టోరెంటును నడుపు ఫోను నేడు పాత సామాను దుకాణములలో తప్ప కనబడదు. బ్లూటూత్‌కు బదులు వచ్చిన షేరిట్, జెండర్ అను చైనా దేశపు అప్లికేషనులను మన ప్రభుత్వము 2020 జూన్ 29న మఱి 57తో కలిపి నిషేధించెను. ఇప్పుడు ఆండ్రాయిడు ఫోనులలో క్విక్ షేర్ అని కలదు. నాడు అరనిమిషము పట్టిన పాట నేడు కనుమూసి తెఱచునంతలో చేరుచున్నది.

మాష్టరుగారు 2017లో ప్రభువునందు నిద్రించిరి. ఆ తరువాత కొంతకాలమునకు మాలో ఇద్దఱము చీరాల స్టేషనునుండి ఆటోలో వచ్చుచుండగా, ఆటోవాని ఫోనునుండి పాట వినవచ్చెను. మొదట దగ్గు. మేము ఒకరి ముఖమొకరు చూచుకొంటిమి. ఎవరు పాడిరని అడుగగా, "ఎవరో తెలియదండి, ఎప్పటినుంచో ఉంది, ఫోను మార్చినప్పుడల్లా దీన్ని మాత్రం తెచ్చుకుంటాను, మా అమ్మకు ఇష్టం" అన్నాడు. ఫైలు పేరు ట్రాక్ 03. మేము మాష్టరుగారి పేరు చెప్పితిమి. అతడు ఆటోను రోడ్డు ప్రక్క నిలిపి, అక్షరములు మమ్ము అడిగి అడిగి పేరు మార్చుకొనెను. ఒక అక్షరము తప్పిపోయినది గాని దిద్దుమని చెప్పుటకు మాకు నోరాడలేదు.

ఆ మాట కుమార్తెగారికి చెప్పినప్పుడు ఆమె చాలసేపు మాటలాడలేదు. కొన్ని దినముల తరువాత తామే కబురుచేసి, పండ్రెండు పాటలను ఉచితముగా పంచుటకు అనుమతియిచ్చుచు ఒక కాగితము వ్రాసియిచ్చిరి. అందులో రెండే షరతులు. పేరు తీసివేయరాదు. అమ్మరాదు. మా ట్రంకు పెట్టెలోనుండి ఒక సి.డి. తీసి, దానిని చదువు యంత్రము కొఱకు మూడు ఇండ్లు తిరిగి, మఱల ఎక్కించితిమి. ఈసారి ప్రతి పాటకును పేరు, రచించినవారి పేరు, సంవత్సరము వ్రాసితిమి. మూడవ పాట ముందున్న దగ్గును తీసివేయుదమా అని అడుగగా వద్దనిరి.

ఇప్పుడు మాలో చిన్నవాని ఆండ్రాయిడు ఫోనులో లిబ్రెటోరెంట్ అను ప్రోగ్రాము కలదు. ఆ పండ్రెండు పాటలును, కుమార్తెగారి కాగితపు నకలును కలిపి ఒక టోరెంటు చేసి, రాత్రి ఫోను ప్లగ్గుకు పెట్టినప్పుడు ఇంటి వైఫైలో నడుపుచుండును. ఊరి బస్సులో నాడు వ్యాపించినంత వేగముగా అది వ్యాపింపలేదు. తోటివారి సంఖ్య అను చోట చాల రాత్రులు సున్నయే కనబడును. గడచిన నెలలో ఒకనాటి రాత్రి ఒకటి అని కనబడెను. ఎవరో, ఎక్కడనో మాకు తెలియదు. పండ్రెండు పాటలును కాగితమును నిమిషములలో చేరిపోయినవి. పని కాగానే పోవుదురని చిన్నవాడు అనుకొనెను. తెల్లవాఱి ఫోను తీసి చూచునప్పటికి వారు ఇంకను అక్కడనే యుండిరి. విత్తనముల సంఖ్య రెండు.